జంటగుండ్ల మూల

టీవీలో బొమ్మ ఆగిపోయి ఉంది. దాన్ని ఎవరూ ముందుకు పోనివ్వలేదు, ఆర్పనూ లేదు.

నేను పెట్టిన వేలు ఇంకా టీవీ మీదే ఉంది. వేలి కింద రెండు పెద్ద రాతిగుండ్లు, ఒకదాని భుజానికి ఒకటి ఆనుకుని. మేము జంటగుండ్లంటాం. మా చేను మొదలయ్యేది వాటి దగ్గరే. ఆకాశంలోంచి తీసిన బొమ్మలో కూడా అవి మా గుండ్లే అని ఒకటో తరగతి చదివే నా కూతురు అక్షత గుర్తుపట్టింది.

గుండ్ల మొదలు దాకా నల్లటి సోలార్ పలకలు. వరస మీద వరస. ఎక్కడా ఎడం లేదు.

"మామా, మన మూల యాడ ఉండాది?" అని నేను అడిగి చాలాసేపయింది.

మా మామ అంజినప్ప రిమోటును రెండు చేతుల మధ్య అదిమి పట్టుకున్నాడు, గిన్నె కింద తేలును మూసి పట్టుకున్నట్టు. నా వైపు చూడలేదు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న కొల్లప్ప నోట్లో పోసుకున్న బొరుగులు నమలడం మరిచిపోయాడు.

నా మొగుడు ఓబులేశ్ ఎప్పుడు లేచి పెరట్లోకి పోయాడో నేను చూడలేదు. వాకిట్లో చెప్పులు లేకపోవడం మాత్రం చూశాను.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక టీవీలో ఏదో ఒకటి చూడడం మా ఇంట్లో అలవాటు. చూసి ఊరకే లేచిపోకూడదు. ఎట్లా ఉందో ఒక్కొక్కరూ చెప్పాలి. అది మామ పెట్టిన కట్టుబాటు. సినిమాలన్నీ కల్ల అనీ, డాక్యుమెంటరీలే నిజమనీ ఆయన వాదం. దాంట్లో ఏడ్చేవాడు కూలికి ఏడ్వడు గదా అంటాడు.

మా అత్త రామాంజినమ్మ లెక్క వేరు. మూడు గంటల సినిమాలో ఒక్కరైనా కడుపునిండా అన్నం తిన్నారా లేదా అనేదే ఆమె చూస్తుంది. బిడ్డను ఇంట్లో వదిలేసి కొండ మీద పాట పాడిన హీరోయిన్‌ను ఆమె వారం రోజులు తిట్టింది. ఓబులేశ్ ఫైటింగులు బాగుంటే బాగుందంటాడు, లేకుంటే నిద్రపోతాడు.

చివరికి నన్ను అడుగుతారు. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పుమ్మా శిల్పా" అంటాడు మామ. పెళ్లి కోసం పీయూసీ మధ్యలో మాన్పించిన నాకు ఆ మాట ఒక పక్క సంతోషం, ఒక పక్క ముల్లు.

ఈ రోజు డాక్యుమెంటరీ సంగతి తెచ్చింది కొల్లప్పే. ఆయన మా రాయచెర్లు నుంచి తిరుమణికి ఆటో తోలుతాడు. కొన్నాళ్ల కిందట బెంగళూరు నుంచి కెమెరాలు తెచ్చి, తిరుమణిలో మకాం పెట్టి, సోలార్ పార్కుకు భూములిచ్చిన వాళ్లందరినీ మాట్లాడించి పోయారే, అది యూట్యూబులోకి వచ్చిందట. అంజినప్ప కూడా మాట్లాడాడట. మామ మాత్రం వద్దన్నాడు. నా మొగం నేనేం చూసుకునేది అన్నాడు. సిగ్గుపడుతున్నాడనుకుని అందరం నవ్వాం.

మామ కనిపించేదాకా ఆగుదామని చూస్తూ ఉన్నాం. కన్నడంలో ఎవరో ఆడమనిషి మెల్లగా చెబుతూ ఉంది. కెమెరా పక్షిలాగా కంచె మీదినుంచి లేచింది. అప్పుడు కొల్లప్ప తొడ మీద చరుచుకున్నాడు.

"ఏం పరిచినారప్పా. సాప నేసినట్టుండాది. సందనేదే లేదు చూడు."

మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. నేను మాత్రం బొమ్మను వెనక్కి తిప్పమన్నాను. మామ తిప్పలేదు. నేనే రిమోటు తీసుకుని తిప్పి, గుండ్ల దగ్గర ఆపి, రిమోటు మళ్లీ ఆయన చేతిలో పెట్టి, తెర మీద వేలు పెట్టాను.

ఆ మూలలో నా మొదటి బిడ్డ ఉన్నాడు.

పేరు పెట్టకముందే పోయాడు. నా మనసులో చేతన్ అనుకున్నాను గానీ ఎవరికీ చెప్పలేదు. అంత చిన్న బిడ్డలను మావాళ్లు కాల్చరు. సొంత చేనులోనే ఒక ఓరన పూడ్చి, కుక్కలు తవ్వకుండా ముళ్లకంప వేసి, రాళ్లు పేర్చి, కలబంద నాటుతారు. వాడికి జంటగుండ్ల నీడలో చోటిచ్చారు.

తర్వాతి ఏడే భూములు లీజుకు ఇచ్చే మాట వచ్చింది. నేను అన్నం ముట్టడం మానేశాను. అప్పుడు మామ నా దగ్గర కూర్చుని, చేనంతా కంచెలోకి పోయినా ఆ మూల మాత్రం వదిలేస్తారనీ, తాను అడిగాడనీ, వాళ్లు ఒప్పుకున్నారనీ చెప్పాడు. ఆ మాట పట్టుకునే నేను లేచాను. అన్నం తిన్నాను. కడుపులో అక్షతను మోశాను.

అక్షత పుట్టబోయే ముందు ఓబులేశ్‌కు ఆ ప్లాంటులోనే పలకలు కడిగే పని దొరికింది. కంచె లోపలికి కార్డు ఉన్నవాళ్లనే వదులుతారు. అందుకని ప్రతి పెద్దల అమావాస్యకూ చిన్న స్టీలు డబ్బాలో పాలు పోసి ఆయన చేతికిస్తాను. పోయిన చిన్నబిడ్డలకు ఎడ, అంటే నైవేద్యం, పెట్టే ఆచారం లేదని ఊళ్లో అంటారు. పెట్టకుండా ఉండడం నాకు చేతకాలేదు. సాయంత్రం ఆయన డబ్బా కడిగి తెచ్చిస్తాడు. పోసినా అంటాడు. కలబంద ఎట్లా ఉందని అడుగుతాను. పిలకలు వేసిందని పోయిన ఏడు చెప్పాడు.

పిలకలు వేసిందన్నాడు.

కొల్లప్ప లేచాడు. ఆటో ఎండలో పెట్టానన్నాడు. ఎవరూ కూర్చోమనలేదు, పోయిరమ్మనీ అనలేదు. గడప దాటుతూ, "నేను ఊరకే అంటినప్పా, సాప అని" అని గొణిగి వెళ్లిపోయాడు.

అత్త వంటింట్లోకి పోయి చేట ముందేసుకుని శనక్కాయలు ఒలవడం మొదలుపెట్టింది. ఏ బొమ్మ చూసినా అందరికంటే ముందు మాట్లాడే మనిషి, ఈ రోజు మంచో చెడో ఒక్క మాట అనలేదు. ఒలిచేటప్పుడు పొట్టు పగిలే చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంది.

మామ గొంతు సవరించుకున్నాడు. ఆకాశంలోంచి తీస్తే ఏదీ సరిగ్గా కనపడదన్నాడు. ఎడం చిన్నదైతే పలకల నీడలో కలిసిపోతుందన్నాడు. నేను కదలకపోయేసరికి ఇంకో మాట ఎత్తుకున్నాడు.

"బొమ్మలు తీసేవాళ్లను నమ్మేదానికి లేదుమ్మా. యాడిదో తెచ్చి యాడికో అతికిస్తారు."

"ఇది సినిమా కాదు మామా. డాక్యుమెంటరీ. దీంట్లో కల్ల ఉండదని నువ్వే చెప్తివి."

 ఇన్నేళ్లలో నేను ఆయన మాటను ఆయనకే తిప్పి చెప్పడం అదే మొదలు. భయం వేసింది. అయినా చెయ్యి తియ్యలేదు.

"అమ్మా, అన్నను చూపించు" అని అక్షత నా చీర లాగింది. అన్న గుండ్ల కింద ఉన్నాడని దానికి చెప్పి పెంచాను. ఆటోలో తిరుమణికి పోయినప్పుడల్లా కంచె అవతలి గుండ్లకు అది చెయ్యి ఊపుతుంది. దాన్ని టీవీ ముందునుంచి పక్కకు జరిపి నేను పెరట్లోకి నడిచాను.

ఓబులేశ్ బండి తుడుస్తున్నాడు. నిన్న తుడిచిన బండే. పలకలు తుడిచినట్టే పైనుంచి కిందికి పొడుగ్గా, ఒక గీత మీద ఇంకో గీత పడకుండా తుడుస్తున్నాడు. ఆ పని ఆయన చేతుల్లోకి అంతగా ఇంకిపోయింది.

"పాలు యాడ పోసినావు?"

గుడ్డ పిండాడు. బకెట్‌లో నీళ్లు బురదగా ఉన్నాయి. బకెట్ ఎత్తి సీతాఫలం చెట్టు మొదట్లో కుమ్మరించాడు.

"ఆడ పొయ్యద్దని ఎన్నితూర్లు చెప్పల్ల?" అని వంటింట్లోంచి అత్త అరిచింది. ఆ చెట్టు మొదట్లో నీళ్లు పోసినా, చెత్త వేసినా, అక్షత ఆడుకుంటూ తొక్కినా ఆమె అట్లాగే అరుస్తుంది. మాకు అలవాటైపోయింది. మధ్యాహ్నం నుంచి ఆమె నోట వచ్చిన మాట అదొక్కటే.

"నిన్నే అడుగుతాండా."

"కంబం తావ" అన్నాడు.

"ఏ కంబం?"

తాను చేరేటప్పటికే నేల సదును చేసి, ఇనుప కంబాలు నాటి, పలకలు బిగించేశారని చెప్పాడు. మొదటి రోజే గుండ్ల దగ్గరికి పరుగెత్తాడట. రాళ్లు లేవు, కంప లేదు. ఎక్కడని వెతికేది. వాడికి మట్టి వేసిన సాయంత్రం గుండు నీడ వాడి మీద పడుతూ ఉండడం ఆయనకు గుర్తుంది. పొద్దు వాలేదాకా అక్కడే ఉండి, ఆ నీడ పోయి ఏ కంబం మీద పడిందో చూసి గుర్తు పెట్టుకున్నాడట. ఏటా ఆ కంబం మొదట్లోనే పోశాడట.

చెబుతున్నంతసేపూ గుడ్డను మెలిపెడుతూనే ఉన్నాడు. అందులో నీళ్లెప్పుడో అయిపోయాయి.

"కలబంద పిలకలు వేసిందంటివి."

"అంటిని."

"ఏల?"

"నువ్వు అడిగితివి."

నేను గోడకు ఆనుకున్నాను. కొట్టాలనిపించింది. ఆయన ముఖం చూస్తే కొట్టినా పట్టించుకోడనిపించింది.

అప్పుడు నువ్వు నిండు మనిషివి అన్నాడు. కడుపునిండా అన్నం తినడం అప్పుడే మొదలుపెట్టావు అన్నాడు. ఈ బిడ్డ కూడా పోతే అని నాయనకు భయం, నాకు భయం అన్నాడు. తర్వాత చెబుదామనుకుంటే ఆ తర్వాత అనేది రాలేదన్నాడు. అవన్నీ నిజమే కావచ్చు. వినడానికి మాత్రం నాకు ఓపిక లేకపోయింది.

"రేపు నన్ను పిల్చుకపో."

"గేటు దాటనీరు."

"గడ్డి పీకేదానికి ఆడోళ్లు వస్తారు గదా. వాళ్లలో వస్తా."

"సూపర్‌వైజర్ నిన్ను ఎరుగును. నా పని పోతాది."

"పోనీ."

ఆయన మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. "పోతే బిడ్డ బడి? ఈ ఇల్లు? ఆడికొచ్చి ఏం చేస్తావు నువ్వు? కంబాన్ని పట్టుకోని ఏడుస్తావా?"

"తవ్వతా."

"ఏమి?"

"తవ్వతా. వాడు ఉండాడా లేడా నా కండ్లతో చూస్తా. ఉంటే తెచ్చుకుంటా."

భూమిలో అంతా వైర్లేనని, గునపం తగిలితే ప్రాణం పోతుందని మెల్లగా చెప్పాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు. చేతులతో తవ్వుతానన్నాను. అది నేను కోపంలో అన్న మాట కాదని ఆయనకు తెలిసిపోయింది. బండి సీటు మీద కూలబడ్డాడు.

వంటింట్లో పొట్టు చప్పుడు ఆగింది.

అంతలో లోపలినుంచి మాటలు వినిపించాయి. టీవీలోంచి. మామ గొంతు.

నేను పరుగెత్తాను.  తీరా చూస్తే అక్షత చాప మీద కూర్చుని రిమోటు ఒళ్లో పెట్టుకుని ఉంది. మామ చేతిలోంచి అది ఎప్పుడు జారిందో. బొమ్మ కదులుతోంది. తెర నిండా మామ ముఖం. అదే తెల్ల చొక్కా, అదే గళ్ల తువాలు. వెనక కంచె.

భూమి ఇచ్చినందుకు బాధ ఉందా అని ఆ ఆడమనిషి కన్నడంలో అడిగింది. తెరలోని మామ తెలుగులోనే చెప్పాడు. కింద కన్నడ అక్షరాలు పరుగెడుతూ ఉన్నాయి.

"బాధ ఏల? వానలు లేక చేను మమ్మల్ని విడిచి ఎన్నో ఏండ్లాయ. భూమి యాడికీ పోలేదు, ఆడనే ఉండాది. ఒక మూల మాత్రం ముట్టద్దంటిని. ముట్టలేదు. ఆడ నా మనవడు పండుకోనుండాడు."

చెప్పి, కెమెరాను కాదు, పక్కకు ఎటో చూశాడు. ఆ చూపు దగ్గర వాళ్లు చాలాసేపు ఆపారు. దీనికి ముందే ఆకాశంలోంచి ఆ మూలను చూపించారు. తీసినవాళ్లకు తెలిసే అట్లా పెట్టారో, తెలియక పెట్టారో.

"ఆర్పమ్మా" అన్నాడు చాప మీది మామ. చాలా మెల్లగా అన్నాడు. అక్షత ఆర్పలేదు. తాత రెండుచోట్ల ఉన్నందుకు అది ఒకసారి అక్కడా ఒకసారి ఇక్కడా చూస్తోంది.

అత్త వంటింటి గడపలో నిలబడి ఉంది. చేట ఆమె నడుముకు ఆనించి ఉంది. మామ మాట్లాడింది అంతా విని, ఆ తర్వాత తెర మీదికి వేరే ఊరి వాళ్లు వచ్చేదాకా చూసింది. అప్పుడు ప్రతి ఆదివారం చెప్పినట్టే తన మాట చెప్పింది.

"బాగా చేసినాడు. ఏ హీరో కూడా ఇంత బాగా చెయ్యలేడు."

మామ తలెత్తలేదు. తాను నిజంగానే అడిగాననీ, వాళ్లు తల ఊపారనీ, మరుసటి రోజు పొద్దున్నే పోయి చూస్తే మిషను ఆ మూల మీద కూడా తిరిగేసి ఉందనీ నేలకు చెప్పుకున్నట్టు చెప్పాడు. డ్రైవర్‌ను అడిగితే తనకెవరూ చెప్పలేదన్నాడట. ఆ మట్టి అంతా ఎటు నెట్టారో కూడా తెలియలేదట. అప్పటికే నాకు మాటిచ్చి ఉన్నాడు. ఇచ్చిన మాటను ఇంక దించలేకపోయాడట.

"కెమెరా ముందర కూడా అదే మాట వచ్చె. ఏం చేద్దును" అన్నాడు.

"నేను రేపు పోయి తవ్వతా అత్తా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మిషను తిప్పితే ఏం? అంతా పోయి ఉండదు. ఏదో ఒకటి దొరుకుతాది."

"దొరకదు."

"ఎముక ముక్కయినా..."

"ఆ కంబం కింద ఏమీ లేదు. ఆడ తవ్వద్దు. వాడు ఆడ లేడు."

టీవీలో ఎవరో నవ్వుతున్నారు. పెరటి తలుపు దగ్గర ఓబులేశ్ తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం చూస్తే, ఈ మాట ఆయనకూ కొత్తేనని తెలిసింది.

అత్త చేట కింద పెట్టింది. ఒలిచిన గింజల్లోంచి పుచ్చుగింజలు ఏరసాగింది. ఏరుతూనే చెప్పింది. మిషను మర్నాడు వస్తుందని తనకు ముందే తెలిసిందట. ఈ మగవాళ్ల మాట మీద నమ్మకం లేక, మేకలకు ఆకు తెస్తానని చెప్పి ఆ సాయంత్రం ఒంటిగా పోయిందట. కొడవలితో కంప తీసి, రాళ్లు తీసి, చేతులతో మట్టి తీసి, వాడిని కొంగులో కట్టుకుని, పైన ఆకు మోపు పెట్టుకుని ఊరి మధ్యలోంచి నడిచి వచ్చిందట.

ఆ సాయంత్రం నాకు గుర్తుంది. అత్త చేతులు గీరుకుపోయి ఉంటే, ఆకు కోస్తే ఇన్ని ముళ్లా అని నేనే పసుపు రాశాను.

"యాడ పెట్టినావే?" మామ నాకంటే ముందు అడిగాడు. 

అత్త ఆయనను వదిలేసి నా వైపు చూసింది.

"చెప్పనుమ్మే."

"అత్తా."

"చెప్పను. ఆ గుండ్ల కాడ ఎట్ల కూర్చుంటివో నేను చూసినా. ఎండ వచ్చినా లేవకుంటివి, పొద్దు మునిగినా లేవకుంటివి. యాడుండాడో చెప్తే నువ్వు మల్ల ఆడనే కూర్చుంటావు. ఈ బిడ్డకు అన్నం ఎవరు పెడతారు?"

కాళ్లు పట్టుకోవడానికి వంగాను. ఆమె కాళ్లు వెనక్కి లాక్కుంది. నా మీద కోపంతో కాదు. ఆమె పెదవి కింద ఏదో అదురుతోంది. ఇన్నేళ్లుగా అది అక్కడే ఉందేమో, నేను చూడలేదేమో.

అక్షత రిమోటు వదిలి లేచి వచ్చింది. అవ్వ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"అవ్వా, అన్న ఆడ లేకపోతే నేను ఆటోలో చెయ్యి ఊపేది ఎవరికి?"

అత్త చెయ్యి గింజల్లో ఆగిపోయింది. ఆమె కళ్లు ఓబులేశ్‌ను దాటి, తెరిచి ఉన్న పెరటి తలుపును దాటి, ఒక్కసారి బయటికి పోయి, వెంటనే చేటలోకి దిగిపోయాయి.

ఆ చూపు ఎంత తొందరగా దిగినా, నేను దాన్ని చూశాను.

ఓబులేశ్‌ను పక్కకు నెట్టి గడప మీద నిలబడ్డాను. ఎండలో పెరడంతా పొడిగా ఉంది. సీతాఫలం చెట్టు మొదట్లో మాత్రం, ఆయన కుమ్మరించిన బండి నీళ్లు నల్లగా, ఇంకా ఇంకకుండా నిలిచి ఉన్నాయి.